నలభై ఏడేళ్ల మోకాలు

హారన్ మోగితే చాలు, ఫైర్ స్టేషన్ గేటు ముందు నిలబడ్డ తొమ్మిది మందీ చేతులెత్తి కేకలు పెడుతున్నారు. "మాతో ఉంటే హారన్ కొట్టండి" అని అట్టమీద రాసి పెట్టింది వాళ్లే. అందుకని ఆ రోడ్డుమీద మోగిన ప్రతి హారనూ తమ కోసమేనని వాళ్ల నమ్మకం. నవంబరు నెల, సన్నగా వాన, పన్నెండు నుంచి నాలుగింటి దాకా సమ్మె. పాత డ్రమ్ములో చెక్కముక్కలు మండుతున్నాయి. మంటలార్పేవాళ్లే మంట చుట్టూ చేరి చలి కాచుకోవడం చూసి బస్సులోవాళ్లు నవ్వుకుంటూ పోతున్నారు.

ఊరి అభిప్రాయం ఏమిటన్నది గంటకో రకంగా ఉంది. మాంసం కొట్టు ఆవిడ మాంసం కూరి కాల్చిన వేడివేడి పైలు పంపించింది. మేస్త్రీ పనిచేసే ఒకాయన మాత్రం వ్యాన్ ఆపి మరీ తిట్టాడు.

"నేను అరవై ఏడేళ్లొచ్చేదాకా ఇటుకలు మోయాలి. మీరు అరవై దాకా స్టేషన్లో పడుకోలేరా? మీకేం రోగం?"

"ఇటుకలకి మంటలంటుకోవు కదా గురూ!" అన్నాడు గ్యారెత్. స్టేషన్లో అందరికంటే చిన్నవాడు, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

నెవిల్ ఓర్మరాడ్ డ్రమ్ములో ఇంకో చెక్కముక్క వేశాడు. అతనికి నలభై ఏడు. ఇదివరకైతే యాభై అయిదుకి పెన్షన్ తీసుకుని ఇంటికి పోవచ్చు. ఇప్పుడది అరవై చేశారు. మూడేళ్ల క్రితం కాలిపోతున్న పాత నూలు మిల్లులో నేల కూలినప్పుడు అతని ఎడమ మోకాలు పాడైంది. అప్పట్నుంచి పట్టీ కట్టుకుని, మాత్రలు మింగి, ఏటా పరుగు పరీక్ష గట్టెక్కుతున్నాడు. ఈ సంగతి తెలిసింది భార్య లినెట్‌కి ఒక్కర్తెకే. ఎనిమిదేళ్లు ఎలాగో నెట్టుకురావచ్చనుకున్నాడు. పదమూడేళ్లంటే వల్ల కాదు. పరీక్ష తప్పితే ఉద్యోగమూ ఉండదు, పూర్తి పెన్షనూ రాదు. మళ్లీ పరీక్ష జనవరిలో.

రెండు గంటల వేళ కొండవైపు నుంచి ఎర్రకారొకటి హారన్ వదలకుండా మోగించుకుంటూ వచ్చింది. అంత మద్దతు ఆ రోజంతా ఎవరూ ఇవ్వలేదు. తొమ్మిది మందీ ఈలలు వేశారు. గ్యారెత్ అయితే అట్ట నెత్తిన పెట్టుకుని గంతులేశాడు. నెవిల్ కూడా చెయ్యి ఊపాడు. కారు కీచుమంటూ గేటు ముందు ఆగింది. దిగినావిడ ముఖం చూసేసరికి ఈలలు ఆగిపోయాయి.

"నవ్వుతారేంట్రా! మా నాన్న మేడమీద ఉన్నాడు! ఇల్లు తగలబడుతుంటే గంతులేస్తారా!"

ఆమె పేరు జనీన్. చిప్స్ వేయించే మూకుడు పొయ్యిమీద మరిచిపోయి తండ్రి మేడెక్కి పడుకున్నాడట, చెవులు వినపడవట. తలుపు తీస్తే లోపలంతా పొగ. ఫోన్ చేస్తే, సమ్మె కదా, బాడుగకి పెట్టిన ఫైరింజన్ పక్క ఊరి నుంచి ఇరవై నిమిషాల్లో వస్తుందన్నారట. స్టేషన్లోని బండి తాళాలు పై అధికారి పట్టుకుపోయాడు. సమ్మె, గిమ్మె అని ఎవరూ ఆలోచించలేదు. నెవిల్, గ్యారెత్ ఆమె కారులోకే దూకారు.

గ్యారెత్ ఇంటి వెనకవైపు నుంచి దూరి, మూకుడు మీద తడిగుడ్డ కప్పి, గ్యాసు కట్టేసి, వంటింటి తలుపు బిగించాడు. నెవిల్ తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని పొగలోనే మెట్లెక్కాడు. ముసలాయన బరువైన మనిషి. భుజాన వేసుకుని దిగుతుంటే ఇంకా మూడు మెట్లుండగా మోకాల్లో ఏదో పటుక్కున తెగింది. నెవిల్ కళ్లముందు చీకట్లు కమ్మాయి. అయినా వాకిలి దాటి, పదడుగులు నడిచి, ముసలాయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టాకే తనూ కూర్చున్నాడు. ఎదురింటావిడ అదంతా ఫోన్‌లో తీసింది.

మర్నాటికల్లా ఊరు ఊరంతా ఆ వీడియో చూసింది. నెవిల్ సోఫాలో కాలు చాపుకుని పడుకుని రేడియో వింటున్నాడు. జనం ఫోన్లు చేసి మాట్లాడే కార్యక్రమం.

"మగాడంటే అతనండీ!" అన్నాడొకాయన. ఆ వెంటనే, "మరి ఇంత ఉక్కులాంటి మనిషి అరవై దాకా ఎందుకు చేయలేడు? ఊరికే మన చెవిలో పువ్వులు పెడుతున్నారు" అని కూడా అన్నాడు.

లినెట్ వచ్చి ఠక్కున రేడియో కట్టేసింది. "నీ కాలు తీసుకెళ్లి వాళ్ల ముందు పెడితే తెలుస్తుంది."

డాక్టరు మోకాలిని పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగిందన్నాడు. ఆపరేషన్ చేసినా మునుపటిలా పరుగెత్తడం కల్ల అన్నాడు. డ్యూటీలో తగిలిన దెబ్బ కింద రాయించుకుంటే పెన్షన్ దక్కుతుందని నెవిల్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతలి గొంతు చాలా మర్యాదగానే మాట్లాడింది.

"ఆ నాలుగు గంటలూ మీరు సమ్మెలో ఉన్నారు కదండీ. డ్యూటీలో లేరు."

నెవిల్ ఫోన్ పెట్టేశాడు. మనిషిని మోసుకొచ్చింది ఎవరట మరి? ఇంత అన్యాయానికి ఎవరికైనా కడుపు మండుతుంది. అతనికి మాత్రం నీరసం వచ్చింది.

సాయంత్రం జనీన్ అల్లం కేకు పట్టుకుని వచ్చింది. నెవిల్ చప్పున కాలిమీద దుప్పటి కప్పుకున్నాడు.

"నిన్న నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమీ అనుకోకు నెవిల్."

"తిట్టవా మరి? మేం చేసిన పనికి కొట్టినా తప్పు లేదు."

"నిజం చెప్పనా? మొన్నటిదాకా మీ సమ్మె అంటే నాకు ఒళ్లు మంట. ఇవాళ నేనే రేడియోకి ఫోన్ చేశాను. వాళ్లని ఎవరూ ఏమీ అనకండి, బంగారంలాంటి మనుషులు అన్నాను. నలభై ఏడేళ్ల మనిషి మా నాన్నని పసిపిల్లాడిలా ఎత్తుకొచ్చాడు, అరవై ఏంటి, డెబ్బై దాకా చేస్తాడు అని చెప్పాను. బాగా చెప్పానా?"

లినెట్ టీ కప్పు బల్లమీద పెట్టింది. నోరు తెరవబోయింది. నెవిల్ వద్దన్నట్టు చూశాడు. ఈ పిల్ల తండ్రి బతికాడన్న సంతోషంలో ఉంది. ఆ తండ్రిని మోయబట్టే ఈ కాలు పోయిందని ఏ నోటితో చెప్తాం?

"బాగా చెప్పావమ్మా" అన్నాడు.

"నాన్న కార్లో ఉన్నాడు. దిగలేడు. నీ చెయ్యి ఒకసారి పట్టుకోవాలంటున్నాడు. గేటు దాకా రావూ?"

గేటు ఇరవై అడుగులు. లినెట్ అతని చెయ్యందుకోబోయింది. నెవిల్ మెల్లగా విడిపించుకుని దుప్పటి పక్కకి తోశాడు. ప్యాంటు కింద కట్టు కనపడదు. సోఫా చేతిని పట్టుకుని లేచి, పళ్లు బిగబట్టి, నిటారుగా నడిచాడు. ఒక్క అడుగూ కుంటలేదు.

వీధికి అటువైపు ఇళ్ల గుమ్మాల్లో జనం నిలబడి ఉన్నారు. చప్పట్లు కొట్టారు.