కారవలసిన చుక్క

ఆ ప్లంబరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇంటిల్లిపాదికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా కుళాయిలూ గొట్టాలూ బిగిస్తున్నాడు. ఏదైనా కారితే అది గొట్టం చేసినవాడి తప్పో, గోడ కట్టినవాడి తప్పో అయింది గాని, అతని తప్పయిన దాఖలా లేదు. అలాంటివాడు ఆ ఉదయం అన్నగారి పడవకి సాయం వెళ్ళాడు.

అన్న లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. అయిదుగురు పట్టే ఆ పడవకి ఇంజను వెనక తగిలించి ఉండదు, కడుపులోనే, పలకల కింద ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక షాఫ్టు పడవ అడుగులోంచి బయటికి వెళ్ళి ప్రొపెల్లరును తిప్పుతుంది. పన్నెండేళ్ళుగా దాని నట్టూ బోల్టూ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. ఈ ఏడాది మాత్రం ఆయనకు మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. వేసిన తాళమే మళ్ళీ వెయ్యడానికి సగం దారి నుంచి ఇంటికి తిరిగొచ్చాడు. ఈరోజు ఒక్క పని మరిచినా పడవ అమ్మెయ్యాలని వదిన ఖరాఖండిగా చెప్పేసింది. నీళ్ళ మీద మతిమరుపు పనికిరాదని ఆమె భయం. ఆ భయంలో న్యాయం ఉంది కాబట్టి అన్న ఒప్పుకున్నాడు. కొనేవాడి నంబరు ఆయన ఫోనులోనే ఉంది.

అందుకే చెయ్యాల్సిన పనులన్నీ ఒక అట్టముక్క మీద రాసుకుని, ఒక్కొక్కటీ చేసి టిక్కు పెడుతూ వచ్చాడు. ట్రైలరు టైర్లలో గాలి, వెనక దీపాలు, పడవను కట్టిన పట్టీలు, అడుగు బిరడా. బిరడానైతే మూడుసార్లు తడిమి చూశాడు.

సరస్సు ఒడ్డున వాలు మీద కారును వెనక్కి నడిపింది వదినే. ట్రైలరు వెనక్కి పోవాలంటే స్టీరింగు ఎదురు తిప్పాలి. ఆ విద్య అన్నదమ్ములిద్దరికీ అబ్బలేదు, అబ్బలేదని ఇద్దరూ ఒప్పుకోరు. ప్రొపెల్లరు పడవ పొట్ట కింద ఉంటుంది కాబట్టి చక్రాలు బాగా మునిగేదాకా దింపింది. పడవ దానంతటదే తేలింది. అన్న దాన్ని గట్టుకు కట్టి, పలక ఎత్తి, చాలాసేపు వంగి ఏదో సర్దాడు. తర్వాత అట్ట మీద టిక్కు పెట్టి, లైఫ్ జాకెట్లు తేవడానికి కారు దగ్గరికి వెళ్ళాడు.

పలక తెరిచే ఉంది. ప్లంబరు తొంగి చూశాడు. షాఫ్టు బయటికి వెళ్ళేచోట, సరస్సు నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ తాడు కూరి బిగించే గ్లాండు నట్టు కింద ఒక నీటిచుక్క ఊరి రాలింది. కాస్త ఆగి ఇంకొకటి. అన్న బిగించడం మరిచిపోయాడు, వదిన చూసిందంటే ఇవాళే బేరం. అన్నను కాపాడాలనిపించింది. నిజం చెప్పాలంటే, అంతకంటే ముందే కారేదాన్ని చూసి చెయ్యి ఊరుకోలేదు. పానా తీసి రెండు చుట్లు బిగించాడు. చుక్క ఆగింది. పలక మూసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

వదిన ఒడ్డునే ఉండిపోయింది. అన్న నాలుగు నిమిషాలు బ్లోయరు తిప్పి, లోపల చేరిన పెట్రోలు ఆవిరి బయటికి పోయాక ఇంజను వేశాడు. పడవ హాయిగా సాగింది. సరస్సు మధ్యకు వచ్చేసరికి కాలిన తాడు కంపు కొట్టింది. అన్న ఇంజను ఆపి, పలక ఎత్తి, గ్లాండు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

"చుక్క కూడా రావట్లేదురా. ఇక్కడ నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలి, షాఫ్టుకి ఆ నీళ్ళే చలవ. నేనే సరిచేసి లెక్కపెట్టాను కదా?"



అన్న అట్టముక్క తీసి చూశాడు. "టిక్కు ఉంది. చెయ్యకుండానే పెట్టేశానా? చేసినట్టే గుర్తుంది. చుక్కలు కూడా గుర్తున్నాయి." అట్టను తిరగేసి కూడా చూశాడు. "జరగనివి కూడా గుర్తొస్తున్నాయంటే ఇక నా పని అయిపోయినట్టే. మీ వదిన అన్నదే నిజం."

జేబులోంచి ఫోను తీశాడు.

ఇలాంటప్పుడు చెప్పే మాటలన్నీ ప్లంబరు నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. నట్టు దానంతటదే బిగుసుకుంది, సరుకు నాసిరకం, చేసినవాడికి పని రాదు. అవి ఊళ్ళో చెల్లుతాయి గాని లేతు మీద బతికిన మనిషి దగ్గర చెల్లవు. నట్టును ఎవరో ఒకరు బిగించి ఉండాలి. తను కాకపోతే అన్నే. అన్న ఫోనులో కొనేవాడి నంబరు వెతకడం చూసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అన్నయ్యా, నేనే బిగించాను. నువ్వు జాకెట్లకి వెళ్ళినప్పుడు, కారుతోందని రెండు చుట్లు తిప్పాను."

అన్న తలెత్తాడు. "అప్పుడు కారుతోందా?"

"కారుతోంది."

"ఎన్ని చుక్కలు?"

"లెక్కపెట్టలేదు. ఒకటి పడి, కాస్త ఆగి ఇంకొకటి."

"అయితే నేను సరిగ్గానే పెట్టాను."

"సరిగ్గానే పెట్టావు. చెడగొట్టింది నేను. తప్పు నాదే."

తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. ఎంతకీ పడలేదు. చూస్తే అన్న ఏడుస్తున్నాడు, దాచుకోవాలని కూడా అనుకోవడం లేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఫోను జేబులో పెట్టుకుని, గ్లాండు చల్లారాక నట్టు వదులు చేశాడు.

"ఒడ్డుకి వెళ్ళాక మీ వదినకి ఇదే చెప్పు," అన్నాడు. "మాట మార్చకు. తప్పు నాదే అన్నావే, అది మాత్రం రెండుసార్లు చెప్పు."