అందరూ నవ్విన మాట

తెర వెనకాల కూర్చుని ఆమె ఒక వేషం కోటుకు ఊడిన గుండీ కుడుతుండగా హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. భర్త రాసి, తనూ వేషం కట్టే హాస్య నాటకాల్లో భార్య వేషం ఎవరు వేసినా మాటలు మాత్రం ఆమెవే. వంటింట్లో విసుక్కున్నవీ, ఆఫీసు నుంచి వచ్చి గొణుక్కున్నవీ ఆయన చెవిన పడితే చాలు, నెల తిరిగేసరికి స్టేజి ఎక్కేవి. "నీకు పేరు తెస్తున్నాను, సంతోషించు" అనేవాడు. ఒకప్పుడు ఆమె కూడా సరదా పడేది. నాటకం వాళ్లందరి బట్టలూ ఉతికి, ఇస్త్రీలు చేసి, టీలు కాచిపోసే మనిషికి ఆపాటి వాటా అయినా దక్కిందిలే అనుకునేది.

ఈసారి మాట వేరు. స్టేజి మీద భార్య పంటినొప్పితో మెలికలు తిరిగిపోతూ, "నాకేం లేదండీ, మీరు భోంచేయండి, చల్లారిపోతుంది" అంటోంది. ఆమె చేతిలో కుట్టు ఆగిపోయింది. అది ఐదో నెలలో కడుపు పోయిన రోజు, స్నానాలగది లోపలి నుంచి తను అన్న మాట. నేలంతా నెత్తురు. మగవాడు తినేవేళ ఏడుపు మొహం పెట్టకూడదని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు నేర్పిపెట్టారు. అందుకని పళ్లబిగువున ఓర్చుకుని, ఆయన చెయ్యి కడుక్కున్న చప్పుడు విన్నాకే తలుపు తీసింది.

నాటకం అయ్యాక అడిగింది. "ఆ భోంచేయండి అన్న మాట తీసేయండి."

"అన్నిటికంటే దానికే కదా నవ్వారు. ఎందుకు తియ్యడం?"

"అది నేనెప్పుడు అన్నానో గుర్తుందా మీకు?"

ఆయన పెట్టుడు మీసం ఊడదీస్తూ నిజంగానే ఆలోచించాడు. "రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటావు. అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి?"

మాట ఒక్కటే దాచుకుని, ఆ రోజునీ ఆ బిడ్డనీ ఎక్కడో పారేసుకున్నాడు. కడుపు పోయిన నాడు కూడా ఆమెకింత దుఃఖం కలగలేదు.

మర్నాటి ప్రదర్శనకు ఆమె తెర వెనక్కి వెళ్లలేదు. జనం మధ్యలో కూర్చుంది. ఆ మాట రానే వచ్చింది, హాలు గొల్లుమంది. ఆమె మొహానికి చేతులైనా అడ్డం పెట్టుకోకుండా గొంతెత్తి ఏడ్చింది. పక్కనున్న పెద్దావిడ నవ్వుతూనే తిరిగి చూసి, నవ్వు మానేసి, "ఏమైందమ్మా?" అంటూ చెయ్యి పట్టుకుంది. ముందు ఆ వరస నిశ్శబ్దమైంది, తర్వాత వెనక వరసలు. ఆఖరికి స్టేజి మీద భార్య వేషం వేసిన అమ్మాయి కూడా బుగ్గ మీది చెయ్యి తీయకుండా, తర్వాతి మాట అందుకోలేక అలాగే నిలబడిపోయింది.

తెర దించేసి ఆయన పరుగున వచ్చాడు. "పరువు తీశావు. ఇంతమందిలో ఏడవాలా? ఏడుపొస్తే ఇంట్లో ఏడవొచ్చుగా."

"ఇంట్లోనే ఏడవాల్సిందండీ" అంది ఆమె. "అప్పుడు మీరు భోంచేస్తున్నారు."