సతీష్ తీర్చిన ముయ్యి

జాన్ స్కూటర్‌ను గట్టు మీద నిలిపి, చేలోకి దిగకుండా అక్కడి నుంచే కేకేశాడు.

"ఏమప్పా కొండప్పా! ఒకసారి ఈడికి రారాదా?"

కొండప్పకు వినిపించింది గాని ఆగలేదు. సాలు మధ్యలో ఎడ్లను నిలపడం అతనికి గిట్టదు. కలుపు గుంటకను వేరుశనగ సాలు చివరిదాకా తోలి, ఎడ్లను మళ్ళించి, అప్పుడు నిలబడ్డాడు. ముందుగా జాన్ బూట్ల వంక చూశాడు. ఎర్రమట్టి అంటకుండా ఆ బూట్లు రెండూ గట్టురాయి మీదే ఉన్నాయి.

"మట్టి కరుస్తాదని భయమా సార్‌కు?"

"ఎగతాళి చాలించప్పా. పనుండి వచ్చినా."

పెనుకొండ దాటినాక గుట్టల కింద ఉన్న సైన్స్ యూనివర్సిటీలో జాన్ లెక్చరరు. కొండప్ప కూడా ఒకప్పుడు అక్కడ చదివినవాడే. ఇద్దరిదీ ఒకే తరగతి, వృక్షశాస్త్రం.

"యూనివర్సిటీ పెట్టి ఇరవై ఐదేళ్ళయింది. వచ్చే ఆదివారం ఉత్సవం. ఈడ చదివి పైకొచ్చినోళ్ళ ఫొటోలన్నీ పెద్ద హాల్లో పెడతాండాం. సన్మానాలుండాయి. హైదరాబాదు నుంచి సతీష్ కూడా వస్తాండాడు."

కొండప్ప ఎద్దు మెడ మీద వాలిన జోరీగను అరచేత్తో కొట్టాడు. దెబ్బ అవసరమైన దానికంటే గట్టిగా పడింది. ఎద్దు బెదిరి పక్కకు జరిగింది.

"వస్తే రానీ. నాకేమి?"

"వాని గురించి నువ్వు రెండు మాటలు మాట్లాడాల. ఒకే రూములో ఉన్నోళ్ళు గదా మీరు. పాత స్నేహితుడు ఎవరన్నా మాట్లాడితే బాగుంటాదని వీసీ గారే అన్నారు."

"స్నేహితుడంట!" కొండప్ప పక్కకు ఉమ్మేశాడు. "వాడు నాకు ముయ్యి బాకీ ఉండాడు. ఆ మాట చెప్పమంటే చెప్తా."

జాన్ నవ్వబోయి ఆగాడు. "ఇంగా అది పట్టుకోనే ఉండావా? ఎప్పటి మాట అది!"

"ఎప్పటిదైతే ఏమి? ముయ్యికి చెదలు పడ్తాదా?"

ఆ పల్లెల్లో ముయ్యి అంటే వివరం చెప్పనక్కర్లేదు. ఈరోజు నీ చేలో నేను పని చేస్తే, రేపు నా చేలో నువ్వు చేయాలి. కూలి ఉండదు. పనికి పనే బదులు. సాయంత్రం ముయ్యికి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని బయలుదేరేటప్పుడు ఇంటివాళ్ళు "మీ చేను ఎప్పుడు?" అని అడగాలి. కొండప్ప తల్లి సుంకమ్మ ఆ మాట అడగకుండా ఒక్కరినీ గడప దాటనిచ్చేది కాదు. ఆ మాట అడిగినన్నాళ్ళు రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు ఉన్నట్టే.

సతీష్‌కు ఇదంతా తెలుసు. అతనిది నంబులపూలకుంట పక్క పల్లె. తొంభై ఒకటిలో ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో చేరారు. పరిశోధన కోసం యూనివర్సిటీ పొలంలో ఇద్దరికీ చెరొక వేరుశనగ మడి ఇచ్చారు. ఆ ఏడు సతీష్ అమ్మకు జబ్బు చేసింది. అతను ఊళ్ళోనే ఉండిపోవాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎర్ర గొంగళి పురుగు పుట్టింది. అది ఒక చేను తిని ఇంకొక చేనికి నడిచిపోయే పురుగు. మడి చుట్టూ నిలువు గోడలతో కాలవ తవ్వితే అందులో పడి ఎక్కలేక చస్తుంది. తవ్వకపోతే తెల్లారేసరికి ఈనెలు తప్ప ఏమీ మిగలవు. కొండప్ప తన మడి చుట్టూ తవ్వాడు, సతీష్ మడి చుట్టూ తవ్వాడు. వాడి చెట్ల పూత కూడా తానే చూసి రాసిపెట్టాడు. సతీష్ తిరిగొచ్చి మడిని చూసి, కొండప్ప చేతులు పట్టుకుని, "ఇది ముయ్యి రా కొండా. నీ పనికి నేనుంటా" అన్నాడు.

మరుసటి ఏడు కొండప్ప నాయనను పాము కరిచింది. హిందూపురం ఆసుపత్రిలో పెట్టారు. కొండప్ప ఆసుపత్రి వరండాలో నాయన మంచం పక్కనే పడుకునేవాడు. పురుగు మళ్ళీ పుట్టిందని తెలిసి, మడిని చూసుకోమని సతీష్‌కు కబురు పెట్టాడు. "నేనుండాను, నువ్వు మీ నాయన్ను చూసుకో" అని జవాబొచ్చింది. నాయన దక్కలేదు. దినాలు అయినాక కొండప్ప తిరిగి వచ్చేసరికి మడిలో పుల్లలు నిలబడి ఉన్నాయి. కాలవ తవ్విన జాడే లేదు. సతీష్ ధర్మవరంలో రైలెక్కి హైదరాబాదు పోయాడని, అక్కడ పెద్ద పరిశోధనా కేంద్రంలో చోటు దొరికిందని వార్డెన్ చెప్పాడు. మడి లేకపోతే పరిశోధన లేదు. ఇంట్లో నాయన లేడు. కొండప్ప ట్రంకుపెట్టె సర్దుకుని ఊరొచ్చేశాడు.

ఆదివారం పోనే పోనన్నాడు. భార్య మంజులత చొక్కాకు ఇస్త్రీ పెట్టి, "పోయి అడుగు. ఈడ ఎద్దుల మీద, నా మీద ఎగిరితే ఏమొస్తాది?" అంది. కొండప్ప ఆ చొక్కా వేసుకుని పోయాడు.

పెద్ద హాలు గోడల నిండా ఫొటోలు. రాకెట్ల కేంద్రంలో పనిచేసే మడకశిర ఆయన, రక్తపరీక్షలో కొత్త పద్ధతి కనిపెట్టిన గుడిబండ ప్రేమలత, నత్రజని ఎరువుల మీద పుస్తకాలు రాసిన ఇంకొకాయన. తలుపు పక్కనే సతీష్. కింద జాన్ రాసిన మాటలు: 'కరవు నేల కన్న శాస్త్రవేత్త.' ఫొటోలో బుగ్గలు నిండాయి, మీసం లేదు. నవ్వు మాత్రం హాస్టల్లోదే. వేరే వాళ్ళ సబ్బు వాడుకుంటూ పట్టుబడినప్పుడు నవ్వే నవ్వు.

వేదిక మీద సతీష్‌కు ధర్మవరం పట్టు శాలువా కప్పారు. అతను మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. "ఈ నేలలోనే గొంగళి పురుగుతో పోరాడాను. మడి చుట్టూ కాలవలు తవ్వాను. ఆ మట్టి ఇంకా నా గోళ్ళల్లో ఉంది" అన్నాడు. చప్పట్లు మోగాయి.

కొండప్ప తన గోళ్ళు చూసుకున్నాడు.

జాన్ అతన్ని గుంపులో చూసి సంబరపడిపోయి పేరు పిలిచేశాడు. కొండప్ప మెట్లెక్కి మైకు ముందు నిలబడ్డాడు. మైకు ఎత్తు తగ్గించడానికి కుర్రాడొకడు వస్తే చేత్తో వద్దన్నాడు.

"నాకు మాట్లాడేది రాదు. ఒక్కటే అడుగుతా. సతీషప్పా, నా ముయ్యి ఎప్పుడు తీరుస్తావు?"

హాలు వెనక నిలబడిన పల్లెజనంలో ఎవరో ఈలేశారు. వీసీ గారు పక్కాయన చెవిలో ఏదో అడిగారు. సతీష్ ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. నవ్వుతూ లేచి వచ్చాడు.

"మా కొండ ఎప్పుడూ ఇంతే సార్, హాస్యగాడు." గొంతు తగ్గించి, "ఎంతో చెప్పరా, ఇప్పుడే ఇచ్చేస్తా. ఇంతమందిలో ఇదేం పని?" అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

మైకు ఆ మాటలను కూడా అందరికీ వినిపించింది.

"కూలి ఇస్తావా?" కొండప్ప గొంతు పెద్దది చేయలేదు. "నేను నీకు కూలికి వచ్చినానా? ముయ్యికి దుడ్లు చూపించేది యాడ నేర్చినావు? పూలకుంటలోనా, హైదరాబాదులోనా?"

"ముయ్యంటే తెల్సీ ఎంతని అడుగుతాండాడు చూడు!" అని వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు. ఇద్దరు వాచ్‌మెన్‌లు వచ్చి కొండప్ప భుజాల మీద చేతులేశారు. అతను విదిలించుకుని, తనంతట తానే దిగి నడిచాడు. తలుపు దాటుతూ ఫొటో వంక చూడలేదు.

మరునాడు పొద్దున్నే ఒక జీపు వచ్చింది. పెనుకొండ అడ్డా నుంచి తెచ్చిన ఇద్దరు కూలీలు పారలతో దిగారు. "సతీష్ సార్ పంపించినారు, మీ చేలో ఏం పనుంటే అది చేయమని" అన్నాడు డ్రైవరు. కొండప్ప వాళ్ళకు సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టించాడు. తిన్నాక వాళ్ళను తిరిగి జీపెక్కించి, డ్రైవరుతో అన్నాడు.

"మీ సార్‌కు చేతులుండాయి గదా? ఆ చేతుల్ని రమ్మను."

పని నిజంగానే ఉంది. పక్కనున్న ఓబుళప్ప చేను నిన్నటికే ఎర్రగా కదులుతోంది. పురుగు ఈ సాయంత్రానికో రేపటికో గట్టు దాటుతుంది. కొండప్ప రెండు వైపులా కాలవ తవ్వేశాడు. ఓబుళప్ప గట్టు వైపే మిగిలింది. పార తీసుకుని ఆ మూలకు పోయేసరికి కారొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

సతీష్ తలుపు విసురుగా వేశాడు.

"ఏమిరా, కడుపు నిండిందా? పొద్దున లేచిన కాడ్నుంచి ఫోన్లు. సన్మానం చేయించుకున్నోడు పల్లెలో బాకీ పడినాడంట అని జోకులేస్తాండారు."

"నిజమే గదా."

"నేను లేకపోతే నీ మడి బతికేదని గ్యారంటీ ఏమి? పురుగు అందరి చేన్లు తిన్యాది ఆ ఏడు."

"నీ మడిని తిన్యాదా ముందటేడు?"

కొండప్ప రెండో పారను అతని కాళ్ళ ముందు పడేశాడు. సతీష్ దాన్ని చూశాడు, కారు వంక చూశాడు, ఇంటి వాకిట్లో నిలబడి చూస్తున్న మంజులతను, మంచం మీద కూర్చున్న సుంకమ్మను చూశాడు. చొక్కా విప్పి కారు మీద పడేశాడు.

గట్టు ఆ చివర నుంచి ఒకడు, ఈ చివర నుంచి ఒకడు మొదలుపెట్టారు. కొండప్ప అప్పుడప్పుడు ఓరకంట చూశాడు. కాలవ వంకర తవ్వుతాడనుకున్నాడు, కూలబడతాడనుకున్నాడు. ఆ మాట అనడానికి తిట్టు కూడా సిద్ధం చేసుకున్నాడు. రెండూ జరగలేదు. సతీష్ నడుము పట్టేసినట్టు మధ్యమధ్య నిలబడ్డాడు గాని, పార పడిన చోట మట్టి నీటుగా లేచింది. కాలవ గోడ నిలువుగా దిగింది. తవ్విన మట్టిని కొండప్ప చేను వైపే పోశాడు. చెప్పకుండానే. వాడి చెయ్యి ఏదీ మర్చిపోలేదు. అది చూస్తే కొండప్పకు కోపం ఇంకా పెరిగింది. పని చేతకానివాడైతే కొంత క్షమించి ఉండేవాడేమో.

మధ్యలో ఇద్దరూ దగ్గరికొచ్చారు. సతీష్ అరచేతులు పొక్కి చిట్లాయి.

"ఇంటర్వ్యూ కార్డు వచ్చింది రా" అన్నాడు తల ఎత్తకుండా. "మరుసటి దినమే పోవాల. నీకు చెప్పింటే పోవద్దనే వాడివా?"

"పొమ్మనే చెప్పుందును."

"మరి?"

"చెప్పింటే ఒక పూట వచ్చి తవ్వుకోని పోయుందును. హిందూపురం ఏమన్నా ఢిల్లీనా? నేనుండాను అన్న్యావు చూడు, ఆ మాట నమ్మి ఆడ్నే పండుకున్యా."

మిగిలిన బెత్తెడు మట్టిని సతీషే తీశాడు. రెండు కాలవలూ కలిశాయి. ఓబుళప్ప గట్టు దిగుతున్న మొదటి పురుగులు అందులో పడి గోడలు పాకలేక జారుతున్నాయి.

మంజులత కాళ్ళకు నీళ్ళిచ్చింది. సంగటి పెట్టింది. సతీష్ చిట్లిన చేత్తోనే ముద్ద చేసుకుని తిన్నాడు. కారం తగిలినప్పుడల్లా వేళ్ళు మండి ముఖం ముడిచాడు గాని చెంచా అడగలేదు. తింటూ తింటూ కొంచెం తేలికపడ్డాడు. "ఊరిబిండి అట్లే ఉండాది, అవ్వా" అన్నాడు సుంకమ్మతో. ఆమె నవ్వింది. కొండప్ప నవ్వలేదు.

చేతులు కడుక్కుని సతీష్ లేచాడు. "తీరిందా కొండా?"

"తీరింది."

సతీష్ చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కారు తలుపు తెరిచి, ఎక్కకుండా నిలబడ్డాడు. కొండప్ప వంక చూస్తూ నిలబడ్డాడు. పూలకుంట పల్లెలో పుట్టినవాడు. దేనికోసం ఆగాలో అతనికి తెలుసు.

మంజులత భర్త ముఖం చూసింది. మంచం మీద నుంచి సుంకమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచింది.

"నాయనా సతీషూ, మీ చే..."

"ఊరుకోమ్మా" అన్నాడు కొండప్ప.

సతీష్ ఇంకాసేపు తలుపు పట్టుకుని నిలబడి, ఆ తర్వాత కారెక్కాడు. కొండప్ప రెండు పారలూ భుజానేసుకుని, దుమ్ము అణగకముందే, కాలవలో పడిన పురుగు మీద మట్టి కప్పడానికి చేలోకి పోయాడు.