అసలు ప్లాను దొరికేదాకా

మా ఆయన ఓడ కట్టలేదు. ఓడ ప్లాను వెతికాడు. ఆ రెండూ ఒకటి కాదు మహాప్రభో అంటే, నాకు కళాహృదయం లేదంటాడు.

కట్టాల్సింది బల్ల మీద పట్టేంత చెక్క ఓడ. మా మామగారు వయసులో ఉండగా వంట చేసిన ఓడకి నమూనా. ఆయన చూపు రోజురోజుకీ మసకబారుతోంది, ఇది నయమయ్యేది కాదని కంటి డాక్టరు తేల్చేశాడు. "కళ్ళు పూర్తిగా పోకముందు నా ఓడని ఒక్కసారి చూసుకోవాలని ఉందిరా" అని కొడుకుని అడిగారు పాపం. మనిషిని చూసి అడగాల్సింది.

కొడుకుగారు వెంటనే రంగంలోకి దిగారు. చెక్క తెచ్చారా? అబ్బే. ఉలి పట్టారా? అంత అదృష్టమా! ఊరూరి మ్యూజియాలకీ ఉత్తరాలు రాశారు. ఒక ప్లాను వస్తే అది ఓడకి మరమ్మతులు చేసి మార్చకముందుదన్నారు. ఇంకోటి వస్తే పొగగొట్టం వాలు తప్పన్నారు. మామగారు "నాకు గుర్తున్నంతలో చెబుతాను, నువ్వు చెక్కు" అంటే, "జ్ఞాపకాలతో ఓడలు కట్టరు నాన్నా" అని వెటకారంగా ఒక నవ్వు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఓడల మీద ఉపన్యాసం. వాళ్ళకి కాఫీలు మోయడం నా వంతు. ఈలోగా మామగారికి ముందు పేపర్లో అక్షరాలు కనిపించడం మానేశాయి, తరవాత మా మొహాలు. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి అసలు ప్లాను వచ్చింది. భోజనాల బల్ల మీద పరిచి మా ఆయన లబోదిబోమన్నాడు.

"మోసం! సగం ఓడే పంపారు. రెండో సగం ఏది?"

అప్పటికప్పుడు మ్యూజియానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ అరిచాడు. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, ఓడ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ప్లానులో ఒక సగమే గీస్తారని. ఏ ఓడకైనా అంతేనట. ఇన్నేళ్ళ పరిశోధనలో మా మేధావికి ఈ ముక్క తెలియలేదు. నేను పడీపడీ నవ్వాను.

ఆ గోలకి మామగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. బల్లని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చేత్తో తడిమారు.

"ఓడేదిరా?"

"ఇదే నాన్నా, ప్లాను. వచ్చే నెల మొదలుపెట్టేస్తాగా."

"తొందరేం లేదులేరా" అన్నారాయన, కుర్చీ కోసం వెతుక్కుంటూ. "ఇప్పుడింక నాకు ఎప్పుడైనా ఒకటే."