సిరికొండ కోడి మీద కేసు

టీవీలో ఎవరో ఒకరికి ఉరి వేయనిదే గజేందర్‌కు అన్నం సహించదు. పగలంతా ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఒక కమీషన్ అడ్తి దుకాణం గుమాస్తాగా పసుపు సంచుల తూకాలు చూస్తాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడంటే జడ్జి. వార్తల్లో నిందితుడి ముఖం మీద తువ్వాల ఇంకా తీయకముందే ఆయన తీర్పు అయిపోతుంది. సాక్షులు, లాయర్లు, వాయిదాలు అన్నీ టైంపాస్ అని ఆయన ఉద్దేశం.

ఆయన భార్య వాణి పొలిటికల్ సైన్స్ తీసుకుని డిగ్రీ చదివింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ చదువు బీరువాలో పట్టుచీర పక్కన మడతపెట్టి ఉంది. ఉరిశిక్ష పడి, ఏళ్లతరబడి జైల్లో ఉండి, చివరికి ఏ తప్పూ చేయలేదని తేలి బయటికొచ్చిన ఒక మనిషి గురించి ఆ మధ్య పేపర్లో చదివి మొగుడికి చెప్పింది.

“బయటికొచ్చిండు గద. ఇంకేంది?” అన్నాడు గజేందర్.

“మనిషి ఉన్నడు గన్క వచ్చిండు,” అన్నది వాణి, అప్పడం వడ్డిస్తూ. ఆయన అప్పడం విరిచిన చప్పుడులో ఆ మాట కలిసిపోయింది.

అట్లాంటి ఇంట్లో కోళ్ల గూట్లోంచి గుడ్లు పోవడం మొదలైంది.

కోళ్లు అత్త రత్నవ్వవి. పొద్దున్నే గూడు తెరిస్తే పగిలిన పెంకులు, తడిసిన గడ్డి. గుడ్డు రుచి మరిగిన కోడికి ఎక్కడైనా ఒకటే శిక్ష, అది కూర. కిందటి నెల ఎర్రపెట్ట ముక్కు పచ్చగా కనిపించింది. సొన అంటిందన్నారు. ఆదివారం కోసి జొన్నరొట్టెలతో తిన్నారు. కూర బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ అన్నారు. మెడ ముక్క చీకుతూ వాణి కూడా అన్నది.

గుడ్లు పోవడం మాత్రం ఆగలేదు.

ఇప్పుడు నల్లపెట్ట ముక్కు పచ్చగా ఉంది. వాణికి అసలు చిక్కు మొదలైంది ఇక్కడే. ఎందుకంటే ఆ నల్లపెట్ట ఆమె పుట్టింటిది. తల్లి గంగామణి దాన్ని సంచిలో పెట్టి, తల ఒక్కటీ బయటికి ఉంచి, సిరికొండ నుంచి బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చింది. దొంగ అని పేరు పెట్టి కోస్తే ప్రాణం పోయేది కోడిదే, మాట మిగిలేది మాత్రం వాణికి. ఇక కూరలో ఉప్పు తగ్గినా, పొయ్యి మీద పాలు పొంగినా, సిరికొండోళ్ల కోడే గట్లుంటే అని మొదలవుతుంది. అదీకాక పొద్దున పొద్దున ఆ కోడి వంటింటి గడప దగ్గరికొచ్చి, మెడ ఒక పక్కకు వంచి ఆమెనే చూస్తుంది. ఆ ఇంట్లో వాణి మాట చివరిదాకా వినే జీవి అది ఒక్కటే.

శనివారం సాయంత్రం రత్నవ్వ కోడిని చంకలో పెట్టుకొచ్చి కొడుక్కి దాని ముక్కు చూపించింది. గజేందర్ టీవీ మీంచి కళ్లు తిప్పి, ఒకసారి చూసి, తెల్లారి కోసేయమన్నాడు. విచారణ అంతే.

“అత్తమ్మా, జర నీ సున్నం డబ్బీ ఇయ్యి,” అన్నది వాణి.

రత్నవ్వకు ఆకువక్క అలవాటు. డబ్బీ ఎప్పుడూ రొంటినే ఉంటుంది. ఎందుకో అర్థంకాకపోయినా తీసిచ్చింది. వాణి వేలు తడిచేసుకుని చిటికెడు సున్నం తీసి కోడి ముక్కుకు రాసింది. కోడి పరువు పోయినట్టు తల విదిలించింది. చూస్తుండగానే ముక్కు మీది పచ్చదనం కుంకుమలా ఎర్రబడింది.

పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని, గుడ్డు సొన ఎర్రబడదని రత్నవ్వకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంతమందికి దిష్టి నీళ్లు కలిపిన చెయ్యి అది. ఇంటి వెనక వాకిట్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండకు పరిచి ఉన్నాయి, తడి ఇంకా ఆరలేదు. వాటి మధ్య కోళ్లు పొద్దంతా పురుగులు ఏరుకుంటున్నాయి. పసుపు ఇంటికొచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో పచ్చబడనిది గిన్నెలో పాలు ఒక్కటే.

తీర్పు మార్చుకోవడం గజేందర్‌కు అలవాటు లేదు. “ముక్కుకు పసుపు అంటితే గుడ్డు తిననట్టేనా?”

“తిన్నట్టెట్లయితది? నీ అంగి కాలర్ గూడ పచ్చగనే ఉన్నది.”

గజేందర్ కాలర్ తడుముకున్నాడు. రత్నవ్వ కోడిని నేల మీదికి దించింది. వంచిన నడుం ఎత్తకుండానే అడిగింది, “మరి గా ఎర్రదాని ముక్కు?”

దాని ముక్కుకు ఎవరూ సున్నం రాసి చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే ముక్కు లేదు, కోడి లేదు, బొక్కలు కూడా వీధికుక్క ఎత్తుకుపోయింది.

“రెండు కలిసి తిన్నయేమో,” అన్నాడు గజేందర్, గొంతు కొంచెం తగ్గించి.

“అది పోయినంక గూడ గుడ్లు పోతనే ఉన్నయి గదరా,” అన్నది రత్నవ్వ. “కోడిపిల్లల్ని మస్తు మంచిగ సాదేది. కొయ్యనీకి నేనే పట్టుకొచ్చి ఇస్తి.”

గెలిచినందుకు వాణి లోలోపల ఒక నవ్వు సిద్ధం చేసుకుంది గానీ, మెడ ముక్క గుర్తొచ్చి నవ్వు అక్కడే ఆగిపోయింది.

తీర్పు వాయిదా పడింది. నల్లపెట్టను ఆ రాత్రికి వంటింటి మూల గంప కింద మూసి, గంప మీద రోలు పొత్రం పెట్టారు. బెయిల్ కాదు, రిమాండ్. తెల్లారి గూడు తెరిస్తే మళ్లీ పగిలిన పెంకులు. గంప కింద ముద్దాయి కళ్లు మిటకరిస్తూ కూర్చుని ఉంది.

గజేందర్ పొత్రం కదిపి చూశాడు, గంప ఎత్తి చూశాడు. కోడి పొత్రం జరిపి, గుడ్లు తినొచ్చి, మళ్లీ దాన్ని మీదికి ఎత్తిపెట్టుకుని ఉంటుందా అని కూడా ఒక క్షణం ఆలోచించినట్టే కనిపించాడు.

అంతలో గోడ వారన ఒక ముంగిస పరుగెత్తింది. గదే దొంగ అంటూ ఆయన కట్టె అందుకున్నాడు. రెండో కొస రత్నవ్వ పట్టుకుంది.

“దాని నోట్ల గుడ్డున్నదా? చూసినవా?”

“లేదు గని అమ్మా...”

“అయితె కట్టె కింద పెట్టు. గూటికి యెనక కంత ఉన్నది, ముందుగాల గది మూయి.”

గజేందర్ ఆ ఆదివారం పొద్దంతా కూర్చుని కంతకు రేకు ముక్క కొట్టాడు. రెండు దెబ్బలు బొటనవేలికి కూడా పడ్డాయి. ఆ తరువాత గుడ్లు పోలేదు. తిన్నదెవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఆ మధ్యాహ్నం వంకాయ కూర చూసి గజేందర్ మూతి ముడిచాడు. రత్నవ్వ రెండోసారి వడ్డించుకుంది. భోజనాల దగ్గరే గంగామణి ఫోన్ చేసి, కోడి ఎట్లున్నదని అడిగింది. వాణి నోరు తెరిచేలోపే రత్నవ్వ ఎడమ చేత్తో ఫోన్ లాక్కుంది.

“మీ కోడికేంది వదినె, బంగారం,” అన్నది. అని, కంచం పక్కకు చేరిన నల్లపెట్టకు ఇంత అన్నం వేసి, దాని ముక్కు మీద ఇంకా పోని ఎరుపు వైపు చూడకుండా అటు తిరిగి కూర్చుంది.