ఆరని పచ్చచుక్క

రమణబాబు అరుపులు గోల్ బజార్ సందు చివరిదాకా వినిపించి ఆగిపోయాయి. అతను ఈ హిందీ ఊళ్లోని రైల్వే లోకోషెడ్‌లో ఫిట్టర్. నిన్న ఈ ఆన్‌లైన్ సెంటర్‌లోనే తన క్రిప్టో నాణేలు అమ్మకానికి పంపాడు. అవి చేరవలసిన చోటికి చేరలేదు.

"బటన్ నొక్కింది నా వేలా, నీ వేలా భాయ్?" అన్న ఒక్క మాటతో సెంటర్ యజమాని ఓంకార్ అతన్ని బయటికి పంపేశాడు.

కంప్యూటర్ ముందున్న నీలవేణి ఆ సెంటర్‌లోనే పనిచేస్తుంది. ఆమె జీతం ఏడు వేలు. ఇంటికి వచ్చే సంపాదన అదొక్కటే.

ఆ నాణేల తాళం వేలెడంత పరికరంలో ఉంటుంది. షెడ్‌లో సగంమందికి దాన్ని అంటగట్టింది ఓంకారే. దాన్ని తీగతో కంప్యూటర్‌కు తగిలించినా, బ్రౌజర్‌తో మాట్లాడించడానికి మధ్యలో వంతెనలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. పాతది మొరాయిస్తే, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నుంచి మొన్ననే కొత్తది ఎక్కించాడు. అప్పటినుంచీ తెర మూల ఒక పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. పరికరం తగిలించినా, తీసేసినా.

"ఒలే నీలా, కాళీగున్నావేటే?"

అప్పయమ్మ. నీలవేణి వాళ్ల రైల్వే కాలనీయే. భర్త అప్పలకొండ షెడ్ డ్యూటీలో ఉండగానే పోయాడు. ఇప్పుడు క్వార్టర్ ఖాళీ చెయ్యమంటున్నారు. ఆమె కొంగుముడి విప్పి పరికరాన్ని బల్లమీద పెట్టింది.

"మీ బాబాయి దాసింది ఇదొక్కటే. అద్దింటికి అడ్వాన్సు కట్టాల. అమ్మీసి డబ్బులిప్పించు."

నీలవేణి తీగ తగిలించింది. భర్త నేర్పిన అంకెలు అప్పయమ్మ ఒక్కొక్కటే నొక్కింది. నాణేలు వెళ్లవలసిన చిరునామా పెద్ద తెరమీద హిందీ అక్షరాల కింద కనిపించింది. దాని చివరి రెండు అక్షరాలు 7K. పరికరం మీది చిన్న తెర కూడా ఒక చిరునామా చూపించి, సరేనా అని అడిగింది.

దాని చివర 3D.

నాణేలు నిజంగా ఎక్కడికి వెళ్తాయో చెప్పే ఆ చిన్న తెరను ఎవరూ చూడరు. పెద్దది హిందీలో చెబుతుంటే ఆ గోరంత ఇంగ్లీషుతో ఎవరికి పని?

"భయ్యా, రెండూ కలవట్లేదు. రమణబాబు డబ్బు ఇలాగే పోయుంటాది. ఆ కొత్త సాఫ్ట్‌వేర్ తీసీండి."

ఓంకార్ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు భయం వేసింది అందుకే.

"తీసీస్తే సెంటర్ బంద్. మనిషికి రెండొందలు కమీషన్. నీ జీతం ఆకాశంలోంచి రాలతందా? చాచీ, వేలు పెట్టు. జల్దీ."

"అచ్ఛా బాబూ."

రేషన్‌కు వేలు, పింఛనుకు వేలు, ఆస్పత్రిలో భర్త శవం కోసం వేలు. పెట్టమన్నచోట పెట్టడం అప్పయమ్మకు అలవాటే. బొటనవేలు బటన్ మీదికి దిగింది.

నీలవేణి దాన్ని గట్టిగా పట్టుకుంది. "నొక్కకు పిన్నీ."

"ఏటే? మిసను పాడైపోనాదా?"

"నీ మిసను నిజమే సెప్తంది. అబద్దం ఆ పెద్దదాంది."

"నీలవేణీ, సోచ్ లే, ఆలోచించుకో," ఓంకార్ గొంతు తగ్గించాడు. "ఆ కుర్చీకి పదిమందున్నారు."

"కూసోబెట్టుకోండి."

ఆమె తీగ లాగేసింది. చిన్న తెర నల్లబడింది. పరికరాన్ని అప్పయమ్మ గుప్పిట్లో పెట్టి, ఆమెను లేవదీసి గుమ్మందాకా నడిపించింది.

పక్క స్టేషన్ గతౌరా నుంచి వచ్చిన ముసలి గ్యాంగ్‌మన్ ఎదురయ్యాడు. జేబులోంచి తన పరికరం తీస్తున్నాడు. లోపల ఓంకార్ ఖాళీ కుర్చీని తుడుస్తున్నాడు. "ఆవో చాచా, ఆవో."

పచ్చచుక్క ఇంకా వెలుగుతూనే ఉంది.

నీలవేణి గుమ్మం దాటలేదు. రెండు చేతులూ చాచి, ద్వారానికి అడ్డంగా నిలబడింది.