రెండు నక్షత్రాల గుర్తు

ఆ కుక్క ఇంకా తోక ఊపుతూనే ఉంది, కంప్యూటరు తెర మూలన ఉండే ఆ పసుపు రంగు కుక్క బొమ్మ, ఏదైనా వెతకమంటే నేల వాసన చూస్తున్నట్టు తల వంచి ఊపుతుంది, ఏమీ దొరకలేదని చెప్పేటప్పుడు కూడా అలాగే ఊపుతుంది, దాన్ని కాళ్లు పట్టుకుని గోడకేసి కొట్టాలని ఉంది, మెడలో తులసి మాల వేసుకున్నవాణ్ని, కాలి కింద చీమ పడితే పాండురంగా అని చెంపలు వేసుకునేవాణ్ని, పొద్దుటి నుంచి నాకు కొట్టాలనే ఉంది, ఎవరినైనా, దేన్నయినా, ఎందుకంటే ఈ రికార్డు గది గోడకి అవతల ఆడవాళ్ల వార్డులో రెండో మంచం మీద సుగంధ పడుకుని ఉంది, దవడ రెండు చోట్ల విరిగింది, మాట్లాడలేదు, కుడి మణికట్టు విరిగింది, రాయలేదు, మొగుడు మాన్‌సింగ్ పోలీసు స్టేషన్లో కుర్చీ వేయించుకుని టీ తాగుతున్నాడట, మరిది జయసింగ్ ఇక్కడ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మా వదినని ఇంటికి తీసుకుపోతాం, మా ఇంట్లో మంచాల్లేవా, డాక్టర్లు దొరకరా అని కనబడిన ప్రతివాడి మీదా అరుస్తున్నాడు, హవల్దార్ కాకడే మాత్రం నా టేబుల్ మీద టోపీ పెట్టి మెల్లగా అన్నాడు, చూడు దత్తోబా, నాలుగింటికల్లా నేను కాగితం రాసెయ్యాలి, ఈవిడ ఇంతకు ముందు కూడా దెబ్బలతో ఇక్కడికొచ్చినట్టు నీ దగ్గరేదైనా ఉంటే ఇవ్వు, మంచం మీంచి కదపనివ్వను, లేదా మెట్ల మీంచి పడింది అని వాళ్లు చెప్పిందే రాస్తా, నా చేతిలో అంతకంటే ఏం లేదు బాబా, అని, ఇప్పుడు మూడూ పది, ఇంటికి పంపితే ఈసారి బతకదు, ఆ సంగతి కాకడేకి తెలుసు, నాకు తెలుసు, జయసింగ్‌కి అందరికంటే బాగా తెలుసు.

ఆమె వచ్చింది, రాకపోవడమేమిటి, ఎన్నిసార్లు వచ్చిందో, నా ఎదురుగా ఇదే బల్ల మీద కూర్చుంది, నేనే టైపు చేశాను, కానీ వచ్చినప్పుడల్లా ఒక పేరు చెప్పేది, ఒకసారి తల్లి పేరు, ఒకసారి పుట్టింటి ఊరి పేరు తగిలించి ఇంకేదో, దెబ్బలతో వచ్చే ఆడవాళ్లంతా అంతే, ఇంటి పేరు బయటికి రాకూడదని, అందుకని పేరుతో వెతికితే లాభం లేదు, ఉన్నదల్లా కర్ణిక్ మేడమ్ పెట్టిన పద్ధతి, ఆవిడ ఇక్కడ డాక్టరుగా ఉన్నన్నాళ్లూ ప్రతి గాయానికీ ఒక నోటు ఫైలు, మరాఠీ మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో, అందులో మనిషిని గుర్తుపట్టడానికి ఒంటి మీది రెండు ఆనవాళ్లు, కింద ఆ మనిషి చెప్పిన కారణం, ఆ కారణానికీ గాయానికీ పొంతన లేకపోతే, దత్తూ భావు, ఆమె చెప్పనిది మనం రాయకూడదు, చివర రెండు నక్షత్రాలు కొట్టు, మనకి తెలిస్తే చాలు, ఎప్పుడో ఒకప్పుడు లెక్క తీద్దాం, అనేది, లెక్క తీయకుండానే రిటైరైంది, మరుసటి ఏడు పోయింది, కొత్త డాక్టరుకి ఆ నక్షత్రాల సంగతే తెలియదు, అదిగో ఇప్పుడు నేను వెతికే పెట్టెలో, ఫైలు పేరు అడిగే గడిలో, రెండు నక్షత్రాలు కొట్టాను, కుక్క పరిగెత్తి పదకొండు వేల ఫైళ్లు తెచ్చి పోసింది, ఈ పాత యంత్రానికి నక్షత్రం అంటే ఏదైనా సరే అని అర్థం, జ్వరాలు, పురుళ్లు, పాము కాట్లు, అన్నీ, ఈ తాలూకాలో ఎవరినో ఒకర్ని ఎవరో ఒకరు కొట్టని ఇల్లే లేదన్నట్టు తెర నిండిపోయింది, సరే, ఫైలు లోపలి మాట అడిగే కింది గడిలో కొట్టాను, ఒక్కటీ లేదు, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు అని సుగంధ ఆనవాలు కొట్టాను, ఈ ప్రాంతంలో సగం మంది ఆడవాళ్ల చేతి మీద తేలు ఉంటుంది, కనీసం వంద రావాలి, ఒక్కటీ లేదు, తోక, మళ్లీ తోక.

నేలకేసి కొడితే అద్దం పగిలి లోపలున్నదంతా బయటికొస్తుందేమో, మా నాన్న అలాగే అనేవాడు, రోకలి ఎత్తి, నీ లోపలేముందో బయటికి తీస్తానే అని, అమ్మ తల మూలలో తిరగలి రాయికి తగిలిన చప్పుడు నాకిప్పటికీ చెవిలోనే ఉంది, ఎండు కొబ్బరికాయ కాదు, పచ్చిది పగిలినట్టు, మెత్తగా, నాకు ఎనిమిదేళ్లు, దేవుడి గూటి ముందు కూర్చుని హారతి పాట ఎత్తుకున్నాను, గొంతు చిరిగేలా, అమ్మ కేకలు వినబడకూడదని, వీధిలో వాళ్లు ఎంత భక్తి పిల్లవాడికి అన్నారు, పాండురంగా, నువ్వు నడుం మీద చేతులు పెట్టుకుని ఇటుక మీద నిలబడి చూస్తూనే ఉన్నావు, నిన్ను తప్పు పట్టడం లేదు, ఏటేటా నీ దగ్గరికి నడిచి వస్తున్నాను, ఊరికే అడుగుతున్నాను, ఆ చేతులు నడుం మీంచి ఎప్పుడూ దించవా అని.

ఏయ్ మాలకరీ, అని గది గుమ్మంలో జయసింగ్, నా మెడలో మాల చూసి అలా పిలుస్తాడు, ఏం వెతుకుతున్నావు, మా ఇంటి ఆడవాళ్ల గుట్టా, భజన చేసుకునేవాడివి భజన చేసుకోక నీకెందుకిది, ఇంకా ఏదో అంటూనే లోపలికొచ్చాడు, నేను తల ఎత్తేలోపే వాడి చెయ్యి నా జుట్టులో ఉంది, నా ముఖం కీబోర్డు మీద, ఒకసారి, మళ్లీ ఒకసారి, అక్షరాలు పళ్లకి తగిలాయి, నోట్లో ఇనుము రుచి, మాల తెగి పూసలు నేల మీద గలగలా పోయాయి, వాఘ్‌మారే సిస్టర్ ఎక్కడి నుంచి వచ్చిందో సెలైన్ కడ్డీతో వాడి మోచేతి మీద ఒక్కటిచ్చింది, ఇది ఆసుపత్రిరా వెధవా, మీ చెరుకు తోట కాదు, ఇంకో అడుగు వేస్తే నీకూ ఒక మంచం వేయిస్తా, అని, కాకడే వాణ్ని నడుం పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు, నా చేతిలో బరువైన గాజు గుండు ఉంది, కాగితాల మీద పెట్టేది, ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, వాడి కణత మీద ఎక్కడ దించాలో కూడా చూసిపెట్టుకున్నాను, సిస్టర్ నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పి దాన్ని లాక్కుంది, దత్తూ భావు, ఆమె చూస్తోంది, వార్డు గాజు తలుపులోంచి చూస్తోంది, అంది.

సుగంధ కళ్లు, ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, రెండోది తెర వైపు ఉంది, నా వైపు కాదు, తెర వైపే, నేను చొక్కా చేతికి నెత్తురు తుడుచుకుని మళ్లీ కూర్చున్నాను, కుక్క తెచ్చిన పదకొండు వేలూ ఇంకా అక్కడే ఉన్నాయి, ఈసారి పేర్లు కాదు, పక్కనుండే బొమ్మలు చూశాను, ఈ ఏడాది ఫైళ్ల పక్కన గీతలున్న నోటు పుస్తకం బొమ్మ, పాతవాటి పక్కన ఉత్త తెల్ల కాగితం, ఎందుకు, పేరు చివర చూశాను, నాలుగు వందల పన్నెండు చుక్క పదకొండు, అరవై చుక్క తొమ్మిది, అయ్యో, అది మేము చేసిందే, రిజిస్టరు నంబరు, చుక్క, ఏడాది, చేతిరాత రిజిస్టర్లో ముప్పై ఏళ్లుగా అలాగే రాసేవాళ్లం, కంప్యూటరొచ్చాక కూడా అలాగే పేరు పెట్టాం, ఈ ఏడాదే మానేశాం, ఈ యంత్రం చుక్క తర్వాత ఉన్నది చూసే అది ఏ రకం ఫైలో తెలుసుకుంటుంది, తెలియని రకమైతే మూత తీసి లోపల చూడదు, చూడలేదని చెప్పదు, లేదు అంటుంది, వేల ఫైళ్ల మూతలు మా చేతులతో మేమే బిగించాం, తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది, కొట్టుకున్నాను కూడా, పెదవి మళ్లీ చిట్లింది.

జిల్లా నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పిల్ల ఒకసారి చెప్పింది, కాకా, కుక్కని నమ్మొద్దు, నల్ల కిటికీ తెరువు, అక్కడ అడిగితే ఏ ఫైలయినా తెరిచి చూస్తుంది, అయితే ఏటవాలు గీత కొట్టి పక్కన ఎల్ పెట్టడం మర్చిపోకు, ఎల్ లేకపోతే నక్షత్రాన్ని ఏదేదో అనుకుంటుంది, ఎల్ ఉంటే నక్షత్రం నక్షత్రమే, అని, అది రాసుకున్న కాగితం ముక్క బల్ల మీది అద్దం కింద ఉంది, వేళ్లు జారుతున్నాయి, నెత్తురు అంటుకుని ఎస్ మీట అతుక్కుపోతోంది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, రెండు నక్షత్రాలు, కొట్టాను, ఒక్క క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత వరసలు, ఆగకుండా, అరవై ఒకటి, అన్ని గాయాలూ ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది, కాలిన అరచేతులు, లాగిన చెవి తమ్మెలు, ఒకామె రొమ్ము మీద పళ్ల గాట్లు, పందికొక్కు కరిచిందని చెప్పింది, నేను అదే టైపు చేశాను, వాటిలో తేలు పచ్చబొట్టు, తెగి రెండుగా మిగిలిపోయిన ఎడమ చెవి తమ్మె, రెండూ ఉన్నవి ఆరు, ఆరూ ఆమెవే, ప్రింటరు గీమంటూ ఆరు కాగితాలూ కక్కింది.

కాకడే కిటికీ దగ్గర నిలబడి చదివాడు, గేదె తన్నింది, స్నానాల గదిలో జారింది, బావి గిలక తగిలింది, పొయ్యి ఎగిసింది, మెట్లు, మళ్లీ మెట్లు, ఇందులో కొట్టాడని ఎక్కడుంది దత్తోబా, ఈ చివర ఈ గుర్తులేంటి, అన్నాడు, వాకిట్లోంచి జయసింగ్ నవ్వాడు, మోచెయ్యి పట్టుకుని నవ్వాడు, మెషీన్ మీద ఈగ వాలి ఉంటుంది హవల్దార్‌సాబ్, రాసెయ్ రాసెయ్, జీపు బయటే ఉంది, అన్నాడు, కాకడే నా వంక చూశాడు, ఇదేంటో చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆ డాక్టరమ్మ పోయింది కదా, అన్నాడు, గడియారం చూడలేదు, నన్నే చూస్తున్నాడు, నిజమే, ఆవిడ పోయింది, ఇక ఈ గుర్తుకి అర్థం తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే మిగిలాడు, ఏడేళ్ల పాటు ఎవరూ అడగని చోట రెండు మీటలు కొట్టి, నిజం రాసేశాను కదా అన్న తృప్తితో ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, వేడి భాకరీ రొట్టె, శనగపిండి పిఠ్‌లా తిని, దీపం పెట్టుకుని కళ్లు మూసుకున్నవాడు, ఆమె ఆరుసార్లు నా ఎదుట కూర్చుని అబద్ధం చెబుతూ నా ముఖంలోకి చూసింది, నమ్మాడో లేదో అని కాదు, నమ్మకుండా ఉంటే ఏమైనా అంటాడేమోనని, నేను ఆరుసార్లూ తల వంచుకుని టైపు చేశాను, ఏ యంత్రమూ దేన్నీ దాచలేదు, దాచింది నేను, ఆ గుర్తులకి నోరు లేదు, వాటిని పెట్టిన మనిషికి ఉంది, చితికి నెత్తురు కారుతున్నా ఉంది, కాకడే భావూ, కాగితం తీసుకో, సాక్షి అని ఉన్న చోట దత్తోబా కుంభార్ అని రాయి, ఆమె ఒక్కసారి కూడా ఎక్కడా పడలేదు, ఆరుసార్లూ చూసినవాణ్ని నేను.